కళకు అందించే చిన్న సాయం: అనుభవం నేర్పిన ఎనిమిది పాఠాలు

అనంతపురం వైపు ఒక మండల కేంద్రంలో చిన్న కళా సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా ఉన్నాను. పగలు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి, సాయంత్రం సంఘం లెక్కలు చూసేవాణ్ణి. కేంద్ర సాంస్కృతిక శాఖకు, తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రానికి, రాష్ట్ర శాఖకు దరఖాస్తులు రాశాను. ఊరి దాతల దగ్గర చందాలు అడిగాను. వచ్చిన సొమ్మును తోలుబొమ్మలాట, బుర్రకథ, ఉరుములు, చెక్కభజన బృందాలకు చేర్చాను. అవి ఎప్పుడూ పెద్ద మొత్తాలు కావు. చిన్న మొత్తాన్ని సరిగ్గా ఇవ్వడం పెద్ద మొత్తాన్ని ఇవ్వడం కన్నా కష్టమని ఆ పనిలోనే తెలిసింది. ఇప్పుడు ఆ బాధ్యత యువకులు తీసుకున్నారు. వారికీ, వేరే ఊళ్ళలో ఇలాంటి పనికి పూనుకునేవారికీ నాకు తెలిసింది చెబుతున్నాను.

1. ఇచ్చే ముందు అడగాలి.

మొదటి రోజుల్లో మా సంఘం డబ్బు ఎక్కువగా వార్షికోత్సవానికే అయిపోయేది. షామియానా, మైకుసెట్టు, ఫ్లెక్సీలు, అతిథుల భోజనాలు పోగా మిగిలినదే కళాకారుడి పారితోషికం. ఒక శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి పంపించేవాళ్ళం. ఒకసారి ఒక తోలుబొమ్మల పెద్దాయనను, "నీకు నిజంగా ఏం కావాలి తాతా?" అని అడిగాను. "శాలువలు పెట్టె నిండా ఉండాయి సార్. సీతమ్మ చెయ్యి తెగిపోయింది. కొత్తది చేయాలంటే తోలు ల్యా" అన్నాడు. ఆయన ఇంటి ముందు కూర్చుని ఆ పని చూశాను. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా గీకి, బిగలాగి ఎండబెట్టాలి. దాని మీద బొమ్మ గీసి, నగల చోట సన్నని ఉలితో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులద్దాలి. కాళ్ళు చేతులు కదిలేలా దారంతో ముడివేసి, నడుమ వెదురు బద్ద కట్టాలి. మేం వేదిక అలంకారానికి పెట్టిన ఖర్చుతో ఆయన పెట్టెలోని బొమ్మలన్నీ బాగుపడేవి. అప్పటినుంచి మరమ్మతుకు, వాయిద్యానికి, ప్రయాణానికి ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదానితోనే ఉత్సవం చేశాం.

2. సాయం ఆట కాలానికి అందాలి.

మా ప్రాంతంలో బొమ్మలాటకు వేళలున్నాయి. పంట ఇంటికి చేరిన రోజులు, శివరాత్రి జాగారం, ఊరి జాతర. వాన మొహం చాటేస్తే విరాటపర్వం ఆడిస్తే కురుస్తుందని ఊళ్ళ నమ్మకం. ప్రభుత్వ సొమ్ముకు వేరే వేళ ఉంది. తరచుగా అది మార్చి చివరి వారాల్లో వచ్చేది. 31వ తేదీలోగా ఖర్చు చూపకపోతే వెనక్కి పోతుందనే భయం. ఆ భయంతో ఒక ఏడాది బడి హాల్లో, మిట్టమధ్యాహ్నం, కిటికీలకు దుప్పట్లు కట్టి బొమ్మలాట ఆడించాను. దీపం వెలుగులో, చీకటి మధ్య బతికే కళ అది. పిల్లలు ఉక్కపోతకు తాళలేక లేచి వెళ్ళారు. ఫైలులో కార్యక్రమం విజయవంతమైంది. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే జ్ఞాపకం. ఆ తర్వాత దాతల చందాను వేసవి చివర్లోనే పోగుచేసి విడిగా ఉంచడం నేర్చుకున్నాం. శివరాత్రికి బృందాలకు అందులోంచి ఇచ్చి, గ్రాంటు వచ్చాక పూడ్చుకునేవాళ్ళం. గ్రాంటు రాని ఏడాది కూడా ఆట ఆగలేదు.

3. కాగితం తెలియకపోవడం కళాకారుడి లోపం కాదు.

ఒక బృందం సాయం పొందాలంటే సంఘంగా నమోదై ఉండాలి. మన దగ్గర అది 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద జరగాలి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆడిట్ అయిన లెక్కలు, ఫొటోలు, పత్రికల్లో వచ్చిన వార్తలు, ఇప్పుడైతే ఆన్‌లైన్ నమోదు. సొమ్ము చాలాసార్లు విడతలుగా వస్తుంది. మొదటి విడతకు వినియోగ పత్రం ఇస్తేగాని రెండోది రాదు. మా తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడతాయి, తెర వెనక తెలుగులో పద్యం పాడతాయి. వాళ్ళ చేతికి ఇంగ్లీషు దరఖాస్తు ఇచ్చి నింపమంటే ఎలా? ఆ ఖాళీలోకే దళారి వస్తాడు. సంతకం పెట్టించుకుని, వచ్చినదాంట్లో వాటా తీసుకుంటాడు. దళారిని తిట్టి ప్రయోజనం లేదు, అతను చేసే పని మనం ఉచితంగా చేయాలి. బృందాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, దరఖాస్తులోని ప్రతి గడినీ తెలుగులో చదివి వినిపించి నింపండి. సొమ్ము నేరుగా వాళ్ళ ఖాతాలోనే పడాలి. ఎంత వచ్చింది, దేనికి, ఎప్పుడు లెక్క చెప్పాలి అన్నవి ఒక తెలుగు కాగితం మీద రాసి వాళ్ళ దగ్గరే ఉంచండి. లెక్కలు కట్టుదిట్టంగా ఉండాల్సిందే, అది ప్రజల సొమ్ము. ఆ కట్టుదిట్టం బరువు మాత్రం చదువుకున్నవాళ్ళం మోయాలి.

4. ఊరు చెయ్యి తీసేస్తే ఏ గ్రాంటూ సరిపోదు.

మన జానపద కళల్లో చాలావాటిని ఇన్నాళ్ళు పోషించింది ప్రభుత్వం కాదు, ప్రజలే. తెలంగాణలో చిందు వారు మాదిగలకు జాంబపురాణం ఆడతారు. కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. ఒగ్గు కథకులు మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతారు. ఏ బృందానికి ఏ ఊళ్ళో హక్కు ఉందో మిరాశీ లెక్కలుండేవి. ఆ ఏర్పాటులో కులపు అవమానాలూ ఉన్నాయి, అవి తిరిగి రావాలని నేను కోరను. అయితే ఆ కథ మాది, దాన్ని చెప్పించుకోవడం మా బాధ్యత అనే పట్టు అందులో ఉండేది. చేర్యాల నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి ఎర్రని నేపథ్యంలో కథ మొత్తం గీసేవారు. అవి గోడకు వేలాడదీసే బొమ్మలు కావు, కథకుడు విప్పి చూపించే పటాలు. కథకుడికి ఊరు తగ్గేసరికి పటం గీయించుకునేవాళ్ళూ తగ్గారు. మా సంఘమూ ఒక దశలో అన్ని ఖర్చులూ తానే భరించింది. బృందానికి అన్నం పెట్టే ఇళ్ళు, దీపానికి నూనె ఇచ్చే కొట్టు క్రమంగా తప్పుకున్నాయి. ఆ తర్వాత నియమం మార్చాం. పారితోషికం మాది, భోజనం, స్థలం, వెలుతురు ఊరివి. ఊరు ముందుకు వచ్చిన చోటే కార్యక్రమం. మొదట గొణిగారు, తర్వాత వాళ్ళే తేదీ అడగసాగారు.

5. ప్రదర్శనకు ఇచ్చేది ఒక రాత్రి నిలుస్తుంది, నేర్పడానికి ఇచ్చేది ఒక తరం నిలుస్తుంది.

మండల సాంస్కృతిక కేంద్రాల గురుశిష్య పథకంలో గురువుకు నెలకు 7,500, సహకార వాద్యగాడికి 3,750, శిష్యుడికి 1,500 రూపాయలు ఇచ్చే పద్ధతి నాకు తెలుసు. ధర్మవరం పట్టు మగ్గం దగ్గర సహాయకుడిగా చేరినా కుర్రవాడు అంతకన్నా ఎక్కువ తెచ్చుకుంటాడు. అయినా ఆ చిన్న మొత్తానికి విలువ ఉంది. ఇది కూడా పనే, దీనికీ జీతం ఉంది అని తల్లిదండ్రులు నమ్మేది అప్పుడే. అది నెల నెలా అందాలి. ఆరు నెలలకోసారి వచ్చే నెలజీతం ఎవరి ఇంటి పొయ్యినీ వెలిగించదు, శిష్యుడు మధ్యలోనే మానేస్తాడు. ఏం నేర్పిస్తున్నామో కూడా చూడాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలు పని బతికే ఉంది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుతో దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేసి చాలా కుటుంబాలు గౌరవంగా బతుకుతున్నాయి. అది మంచిదే. అయితే అంగడి తోలు పనికి ధర కడుతుంది గాని పద్యానికి కట్టదు. కాలి కింద చెక్కలు టకటకలాడిస్తూ, చేత్తో బొమ్మను ఆడిస్తూ, గొంతుతో రావణుడై పలకడం సంతలో అమ్ముడుపోయేది కాదు. అంగడి చేయలేని ఆ పనికే గ్రాంటు వెళ్ళాలి.

6. దరఖాస్తులో పేరు లేని మనిషే తరచు ఆటను మోస్తుంది.

బొమ్మలాటలో సీత, మండోదరి, ద్రౌపది మాట్లాడేది తెర వెనక కూర్చున్న ఇంటి ఆడవాళ్ళ గొంతుతోనే. హాస్యపాత్ర బంగారక్క మాటలకు జనం పగలబడి నవ్వేదీ వాళ్ళ మాటకారితనం వల్లే. మా దరఖాస్తులో 'బృంద నాయకుడు' అని ఒకే గడి ఉండేది. అందులో మగవాడి పేరు రాసేవాణ్ణి. ప్రశంసాపత్రం ఆయన పేరుతోనే, పత్రికకు పంపిన వార్తా ఆయన పేరుతోనే. ఒక కళాకారుడు పోయాక ఆయన భార్య కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది. ప్రదర్శనల రుజువులు తెమ్మన్నారు. జీవితమంతా పాడిన మనిషి దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఆ కాగితాలు రాసింది నేను, అందులో ఆమెను రాయనిదీ నేనే. సంఘం తరఫున లేఖ ఇచ్చాను గాని అది చాలలేదు. ఈ పని చేసేవాళ్ళకు నా గట్టి మాట ఒకటే: బృందంలో ఎందరుంటే అందరి పేర్లూ రాయండి, పారితోషికాన్ని ఎవరి వాటా వాళ్ళ ఖాతాలోనే వేయండి, ప్రశంసాపత్రం ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. ఒక పత్రం అచ్చువేయడానికి అయ్యే ఖర్చు ఎంతని!

7. కళ చేత కబురు చెప్పించవచ్చు, ఆ కబురు కళ సొంత కథను మింగనివ్వరాదు.

ప్రచారం కోసం కళను వాడుకోవడం తప్పని నేననను. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథను జనం బాధలు చెప్పే గొంతుగా మలిచింది. బుర్రకథ చెప్పిన నాజర్ గారు ఆ గొంతుతోనే తెలుగునాట ప్రతి ఇంటికీ తెలిసిన మనిషయ్యారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన నమ్మిన మాటనే చెప్పారు. మా బృందాలకు వచ్చినవి వేరే రకం పనులు. ఫలానా పథకం గురించి ఇరవై నిమిషాలు, కాగితం మీద రాసిచ్చిన మాటలే పాడాలి. డబ్బు అవసరం కాబట్టి ఒప్పుకున్నారు, నేనూ ప్రోత్సహించాను. కొన్నేళ్ళకు కొత్తగా చేరిన పిల్లలకు ఆ ఇరవై నిమిషాలు తప్ప మరేదీ రాదని గమనించాను. రాత్రంతా చెప్పే కథలో ఎక్కడ ఆపాలి, ఎక్కడ నవ్వించాలి, నిద్రకు జోగే జనాన్ని ఎలా లేపాలి అన్నది పూర్తి కథ చెబితేనే వస్తుంది. అందుకే ప్రతి బృందానికి ఏడాదికి ఒక్కసారైనా తెల్లవార్లూ ఆడేందుకు సరిపడా సొమ్ము ఇవ్వండి. మధ్యలో సందేశాలు వద్దు, ఉపన్యాసాలు వద్దు.

8. పెద్దలు ఉండగానే రికార్డు చేయాలి.

కోయ ఇలవేల్పుల కథలను, వంశగాథలను కంచుమేళంతో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. గుస్సాడి నృత్య గురువు కనకరాజు గారికి 2021లో వచ్చింది, ఆయనా 2024లోనే వెళ్ళిపోయారు. బిరుదు రానివాళ్ళు, వార్తలో కూడా కనిపించకుండా పోయేవాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఒక పెద్దాయన చేత కథ మొత్తం చెప్పించి, మంచి మైకు పెట్టి రికార్డు చేసి, తెలిసినవాళ్ళ చేత రాయించడం చిన్న గ్రాంటుతో అయ్యే పని. ఇంతకన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే ఖర్చు నాకు కనిపించలేదు. అయితే కొన్ని మర్యాదలున్నాయి. ముందు అనుమతి అడగాలి, కొన్ని కథలు కులదైవం ముందు తప్ప చెప్పకూడదంటారు, ఆ మాట మన్నించాలి. చెప్పినందుకు పారితోషికం ఇవ్వాలి. మొదటి ప్రతి ఆ కుటుంబానికే ఇవ్వాలి. రెండోది విశ్వవిద్యాలయం వంటి చోట భద్రపరచాలి. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం వంటివి అందుకే ఉన్నాయి.

ఇన్నేళ్ళ పనిలో నాకు మిగిలిన నమ్మకం ఒకటే. చిన్న సొమ్ము కళను పోషించలేదు, ఆ శక్తి ఊరికీ, ఆ కళను తమదనుకునే మనుషులకూ మాత్రమే ఉంది. కళాకారుడు ఈ ఏడాది మానేయకుండా నిలబెట్టగల శక్తి మాత్రం చిన్న సొమ్ముకు ఉంది. అలా ఒక్కో ఏడూ నిలబడితే కళ తర్వాతి తరానికి చేరుతుంది. కాబట్టి మీ చేతికి వచ్చింది ఐదువేలైనా, ఐదు లక్షలైనా, ఖర్చుల పట్టిక రాయడానికి ముందు కళాకారుడి ఇంటికి వెళ్ళండి. ఆయన పెట్టె తెరిపించి చూడండి, ఆయన ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడండి, పక్కన ఆడుకుంటున్న పిల్లలకు ఏం వచ్చో అడగండి. మీ పట్టిక అక్కడే తయారవుతుంది.