తుపాకియు ఖడ్గమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగినది. దక్షిణ రాష్ట్రములు బానిసత్వమును నిలుపుకొనగోరి సమాఖ్యనుండి విడిపోయినవి. సమాఖ్యను కాపాడుటకై ఉత్తర రాష్ట్రములు పోరినవి. అన్నదమ్ములు చెరియొక పక్షమున నిలిచిన కుటుంబములును గలవు. ఆరు లక్షలకు పైగా సైనికులు అసువులు బాసిరి. ఆ సైనికులు ధరించిన ఆయుధముల చరిత్ర తెలిసికొనదగినది.

కాల్బలమునకు ముఖ్యాయుధము తుపాకి. ఉత్తర సైన్యమున మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు ఆయుధశాలలో రూపొందిన తుపాకి ప్రసిద్ధమైనది. దాని పొడవు 56 అంగుళములు. బరువు రమారమి 9 పౌనులు. దక్షిణమున కర్మాగారములు కొద్ది. కావున వారు ఇంగ్లండునుండి ఎన్‌ఫీల్డు తుపాకులను ఓడలపై తెప్పించుకొనిరి. ఉత్తరమువారును వానిని కొనిరి. ఈ ఎన్‌ఫీల్డు భారతీయులకు క్రొత్తది కాదు. 1857 లో సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వయైన కొవ్వు పూసిన తూటాలు ఈ జాతి తుపాకికై చేసినవే.

సైనికుడు కాగితపు తూటాను పంటితో చించి, మందును గొట్టములో పోసి, గుండును ఇనుప కడ్డీతో దట్టింపవలెను. పిదప టోపీవంటి చిన్న రాగి బిళ్లను అమర్చి, మీట నొక్కవలెను. శిక్షణ పొందినవాడు నిమిషమునకు మూడుసార్లు కాల్చగలడు. తూటాను చించుటకు పనికివచ్చు ముందు పండ్లు లేనివానిని సైన్యమున చేర్చుకొనెడివారు కారు!

మునుపటి తుపాకుల గొట్టము లోపల నున్నగా నుండెడిది. గుండు నూరు గజములు దాటినచో గురి తప్పెడిది. క్రొత్త తుపాకి గొట్టములో మరచుట్లవంటి గాడు లుండెను. ఫ్రెంచి సైనికాధికారి మినీ పేర ప్రసిద్ధమైన సీసపు గుండు కొన తేలి, అడుగున బోలుగా నుండును. మందు ప్రేలగానే ఆ యడుగు వ్యాకోచించి గాడులను పట్టుకొనును. గుండు గిరగిర తిరుగుచు వెలువడును. అందుచే మూడు వందల గజముల దూరమునను గురి కుదిరెడిది. మెత్తని సీసము తగిలిన యెముక నుగ్గునుగ్గయ్యెడిది. కాలో చేయో తీసివేయుట తప్ప వైద్యులకు చాలమార్లు గత్యంతరము లేకపోయెను.

ఆయుధము మారినను యుద్ధపద్ధతి వెంటనే మారలేదు. 1863 జూలై 3 న పెన్సిల్వేనియాలోని గెట్టిస్‌బర్గు వద్ద దక్షిణ సేనాపతి రాబర్టు లీ ఆజ్ఞపై సుమారు 12,000 మంది వరుసలు తీరి, బయలు ప్రదేశమును దాటి, ఎదుటి మిట్టపైకి నడచిరి. ఫిరంగులును తుపాకులును వారిని చీల్చివేసినవి. సగము మంది తిరిగి రాలేదు. యుద్ధానంతరము అచట 27,000 కు పైగా తుపాకులను ఏరిరి. వానిలో పెక్కింటిలో తూటా కాల్చకయే యుండెను. వేలకొలది గొట్టములలో ఒకదానిపై నొకటిగా తూటాలు కూరి యుండెను. ఆ పొగలో, ఆ భయములో, తన తుపాకి ప్రేలినదో లేదో సైనికునికే తెలియలేదు. యంత్రమెంత చక్కనిదైనను దానిని పట్టిన చేయి మనుష్యునిదే గదా!

ఆశ్వికులు వంపు కత్తులను, అధికారులు అలంకృత ఖడ్గములను ధరించిరి. 1863 జూన్ 9 న వర్జీనియాలోని బ్రాండీ స్టేషను కడ రౌతులు కత్తులు దూసి ఘోరముగా పోరిరి. కాని ఆరు గుండ్ల కోల్టు పిస్తోలును, ఏడు తూటాల స్పెన్సరు తుపాకియు వచ్చిన పిదప కత్తి ప్రాభవము తగ్గెను. దక్షిణపక్షమున మాస్బీ దళమువారు కత్తులను వదలి పిస్తోళ్లనే నమ్ముకొనిరి. ఖడ్గము క్రమముగా గౌరవచిహ్నముగా మిగిలినది.

1865 ఏప్రిలు 9 న వర్జీనియాలోని అపొమాటక్సు గ్రామమున లీ లొంగిపోయెను. ఆయన నడుమున మేలైన ఖడ్గముండెను. జయించిన ఉత్తర సేనాని గ్రాంటు బురద మరకల దుస్తులతో, ఖడ్గము లేకయే వచ్చెను. ఓడినవాని ఖడ్గమును గైకొనుట పూర్వాచారము. గ్రాంటు దాని నడుగలేదు. అధికారుల ఖడ్గములను, పిస్తోళ్లను వారియొద్దనే యుంచెను. సొంత గుర్రములుగల సైనికులు వానిని దుక్కికై తోలుకొనిపోవచ్చుననెను. ఆకలిగొన్న శత్రువులకు ఆహారము పంపెను. మూడు దినముల తరువాత దక్షిణ సైనికులు తుపాకులను అప్పగించి ఇండ్లకు మరలిరి. ఆ డిసెంబరులో రాజ్యాంగ సవరణచే బానిసత్వము రద్దయ్యెను.

తుపాకులు యుద్ధమును ముగించినవి. కాని వైరము చల్లారుటకు అవి చేయలేని సాయమును, గ్రాంటు అడుగక విడిచిన ఆ ఖడ్గము చేసినది.