చీటీ ఆమెది, కార్డు అతనిది

పెళ్లి చదివింపుల పుస్తకం మన ఇళ్లల్లో భద్రంగా ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందట ఎవరు నూటపదహార్లు చదివించారో, ఎవరు స్టీలు బిందె పెట్టారో అందులో ఉంటుంది. వాళ్లింట్లో పెళ్లికి బయల్దేరే ముందు అటక మీంచి దించి చూసుకుంటాం. ఇంత శ్రద్ధగా లెక్క రాసుకునే ఇంట్లోనే ఈ నెల క్రెడిట్ కార్డు బాకీ ఎంతో భార్యకు తెలియదు. ఆమె కడుతున్న చీటీ ఎన్నో నెలలో ఉందో భర్తకు తెలియదు. లెక్కలు రాక ఇలా జరుగుతోందని నేననుకోను. చదివింపులు నలుగురి ముందు మైకులో చదివే లెక్క. అప్పు మాత్రం పక్కన పడుకున్న మనిషికి కూడా చెప్పని లెక్క.

ఒక ఇంటిని ఊహించుకుని అంకెలు వేసి చూద్దాం. హైదరాబాదులో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. అతనికి ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది 52,000. ఆమె స్కూల్లో టీచరు, జీతం 20,000. కలిపి 72,000. అద్దె 15,000, కిరాణా, పాలు, కూరగాయలు 12,000, స్కూలు ఫీజుల కింద 6,000, కరెంటు, ఫోన్లు, పెట్రోలు 7,000, ఊళ్లో ఉన్న అతని అమ్మానాన్నలకు 5,000. ఇక అప్పులు. పర్సనల్ లోన్ ఈఎంఐ 9,500. బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన లక్షన్నరకు రూపాయి వడ్డీ చొప్పున 1,500. తెలిసినాయన దగ్గర ప్రోనోటు రాసి తెచ్చిన లక్షకు రెండు రూపాయల వడ్డీ, అంటే 2,000. కార్డు మీద లక్షా ఇరవై వేలు బాకీ, దానికి కనీస చెల్లింపు 6,000. ఆమె చీటీ 5,000. మొత్తం 69,000. మూడు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది.

మిగలవు. బండి ఇన్సూరెన్సు, జూన్‌లో పుస్తకాలు, యూనిఫాంలు, సంక్రాంతికి ఊరి ప్రయాణం, శ్రావణంలో పెళ్లిళ్లు, ఎవరికో ఒకరికి ఆస్పత్రి. ఇవి ఏ నెల పద్దులోనూ ఉండవు, ఏడాది తిరిగేసరికి అరవై వేలు దాటతాయి. అంటే నెలకు 5,000. చేతిలో ఉన్నది 3,000. ఆ తేడా రెండు వేలు ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు, కార్డు మీదికి.

ఇప్పుడు కార్డు లోపల ఏం జరుగుతోందో చూడండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ మామూలే. లక్షా ఇరవై వేల మీద అది 4,200. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 756. రెండూ కలిపి 4,956. అతను కట్టే ఆరు వేలలో అసలుకు పోయేది 1,044 మాత్రమే. అదే నెలలో రెండు వేలు కొత్తగా గీకుతున్నాడు. బాకీ మొత్తం తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. క్రమం తప్పకుండా కడుతున్నాడు, అప్పు క్రమం తప్పకుండా పెరుగుతోంది.

శాతాలు మనకు సరిగ్గా తగలవు. ఊరి లెక్కలో చెప్పుకుంటే తగులుతుంది. జీఎస్టీతో కలిపి ఇది నూటికి నెలకు నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ. నాలుగు రూపాయల వడ్డీకి డబ్బు తిప్పేవాణ్ని ఊళ్లో జలగ అంటారు. అదే వడ్డీ బ్యాంకు బొమ్మ ఉన్న ప్లాస్టిక్ ముక్క మీద వస్తే రివార్డు పాయింట్లు ఎన్నొచ్చాయో చూసుకుంటాం.

ఈ బాకీ సంగతి అతను ఆమెకు చెప్పలేదు. చెప్పకపోవడానికి విలాసాలేవీ కారణం కాదు. అందులో నలభై వేలు తమ్ముడి ఫోను. ‘అన్నా, కార్డు మీద తీసుకో, నెలనెలా వేసేస్తా’ అన్నాడు, రెండు నెలలు వేశాడు. తమ్ముణ్ని అడగలేడు. అడగలేకపోతున్నానని భార్యకు చెప్పలేడు. మన ఇళ్లల్లో రహస్యపు అప్పుల వెనక తరచు ఇలాంటి మొహమాటమే ఉంటుంది. తాగుడు, పేకాట ఉన్న ఇళ్ల సంగతి వేరు, వాటికి బడ్జెట్ మందు కాదు.

ఆమె చీటీ సంగతి కూడా అతనికి తెలియదు. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు. పెద్దపిల్ల ఇంటర్ ఫీజు కోసమని మనసులో అనుకుంది. దీన్ని కపటం అనడానికి నాకు నోరు రాదు. 2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని చెప్పినప్పుడు పోపుల డబ్బాల్లోంచి, చీరల మడతల్లోంచి డబ్బు బయటికి తీయక తప్పలేదు చాలామంది ఇల్లాళ్లకు. నవ్విన మొగుళ్లున్నారు, నొచ్చుకున్న మొగుళ్లున్నారు. చేతిలో సొంతంగా రూపాయి లేని కాలంలో అమ్మమ్మలు నేర్పిన జాగ్రత్త అది. ఉద్యోగం చేస్తున్నా పోలేదు, జీతం ఎవరి చేతుల్లోకి పోతుందో చూస్తే ఎందుకు పోలేదో తెలుస్తుంది.

ఒకరోజు అతను చెప్పక తప్పలేదు. ఒక నెల కనీస చెల్లింపు తప్పింది, కార్డువాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. కానీ ఆ మధ్యలో పదకొండు గంటలున్నాయి, ఏ గంటలోనైనా ఫోను ఆమె ఎత్తవచ్చు. వాళ్ల నోట వినేకన్నా తన నోట వింటే నయమనుకున్నాడు. పిల్లలు పడుకున్నాక అన్నాడు:

“కార్డు మీద కొంచెం బాకీ ఉంది.”

“కొంచెమంటే?”

“లక్షా ఇరవై.”

“ఎప్పట్నుంచండీ?”

ఇలాంటప్పుడు మొదట వచ్చే అసలు ప్రశ్న ‘ఎప్పట్నుంచి’ అనేదే. అంకె కన్నా అది ఎక్కువ నొప్పి పెడుతుంది. ‘మొన్న దసరాకి మా పుట్టింటికి వెళ్లినప్పుడు కూడా ఉందా? ఆ చీర కొనిచ్చినప్పుడు?’ అని వెనక్కి వెళ్లి ఒక్కొక్క సంతోషాన్నీ తడిమి చూసుకుంటుంది మనిషి. ఆ రాత్రే పరిష్కారాలు మాట్లాడకూడదు. చెప్పినవాడు తేలికపడి ఎక్సెల్ షీటు తెరుస్తాడు, విన్నావిడకు ఇంకా మొదటి వాక్యమే అరగలేదు.

ఆమె తన చీటీ సంగతి ఆ రాత్రి చెప్పలేదు. సరిగ్గానే చేసింది. వెంటనే చెబితే అది అతని అప్పుకు జవాబైపోయేది, ఆమె డబ్బు ఆమెది కాకుండా పోయేది. కొన్నాళ్లు చూసింది. తమ్ముణ్ని అడిగాడా లేదా, కార్డు పర్సులోంచి తీసి బీరువాలో పెట్టాడా లేదా చూసింది. తర్వాత చెప్పింది. కలిసి బడ్జెట్ వేసుకోండని సలహా ఇచ్చేవాళ్లు ఇద్దరూ ఒకే రోజు అన్నీ బల్లమీద పెట్టాలంటారు. నా లెక్కలో ముందు అప్పున్నవాళ్లు పెట్టాలి, దాచుకున్నవాళ్లకు గడువివ్వాలి.

ఇక చీటీ బయటికి వచ్చాక అంకెలు ఎలా మారాయో చూడండి. లక్ష చీటీని పదిహేను వేలు తగ్గించి పాడుకుంటే చేతికి 85,000 వస్తుంది. అది కార్డుకు కడితే బాకీ 35,000కు దిగుతుంది. నెలసరి వడ్డీ, జీఎస్టీ కలిపి 4,956 నుంచి 1,445కు పడిపోతుంది. నెలకు మూడున్నర వేలు మిగులు. పాటలో పోయిన పదిహేను వేలు అయిదు నెలలు తిరక్కముందే వెనక్కి వస్తాయి. కొత్తగా గీకకుండా నెలకు అదే ఆరు వేలు కడుతూ పోతే ఏడు నెలల్లో కార్డు సున్నా. విడివిడిగా చూస్తే అతనిది తీరని అప్పు, ఆమెది కదపకూడని పొదుపు. అతని కార్డు నాలుగు రూపాయల వడ్డీ తింటుంటే, పక్క గదిలో ఆమె చీటీ అణాపైసలు కూడబెడుతోంది. ఇద్దరికీ తెలిసినప్పుడే ఈ లెక్క వేయడం సాధ్యమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాడుకున్న డబ్బు ఇచ్చేముందు చీటీ కంపెనీ జామీను అడుగుతుంది, ముందే మాట్లాడుకోవాలి. రిజిస్టరు కాని చీటీ అయితే 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం అసలు నడపకూడనిదే. నడిపే ఆవిడ ఎంత మంచిదైనా ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే డబ్బు రాబట్టుకోవడం కష్టం.

ఇంకొక ముఖ్యమైన సంగతి, ఆ 85,000 ఆమెది. తాకట్టులో ఉన్న బంగారం ఆమెది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగివ్వాల్సిన నైతిక బాధ్యత అతనిదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. కోర్టు దాకా ఎందుకు, పుస్తకంలో రాయండి. అప్పుల జాబితాలో బ్యాంకు పేరు, కార్డు పేరు, ప్రోనోటు ఉన్నాయన పేరు ఉన్నట్టే భార్య పేరూ ఉండాలి. ‘ఆవిడకు బాకీ: చీటీ, గొలుసు, రెండు జతల గాజులు.’ మొగుడూ పెళ్లాల మధ్య ఈ రాతలేంటని చిరాకుపడే పెద్దవాళ్లుంటారు. తన డబ్బు అప్పుల్లో కలిసి మాయమైపోతుందని భయపడే మనిషి రెండోసారి చెప్పదు.

ఏ అప్పు ముందు తీర్చాలన్న ప్రశ్నకు వడ్డీ ఎక్కువున్నది ముందు అన్నదే సరైన జవాబు. కార్డు, తర్వాత ప్రోనోటు, తర్వాత పర్సనల్ లోన్, చివర బంగారం. కానీ ఆమెకు వాళ్లమ్మ పెట్టిన గొలుసు ఆ తాకట్టులో ఉంటే? పెళ్లిళ్లకు గిల్టు గొలుసు వేసుకుని వెళ్లి, చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటే? పదివేలు కార్డుకు కట్టకుండా బంగారానికి కడితే నెలకు మూడు వందల పైచిలుకు నష్టం, అంతే. ఆ ధర ఎంతో ఇద్దరికీ తెలిసి, ముందు గొలుసే విడిపించుకుందామనుకుంటే అందులో తప్పేమీ లేదు. ధర తెలియకుండా చేయడమే తెలివితక్కువ.

అతని తల్లిదండ్రులకు పంపే 5,000 జాబితాలో ఉంది. ఆమె తల్లికి కూరగాయల డబ్బుల్లోంచి మిగిల్చి ఎప్పుడైనా ఇచ్చే వెయ్యో, రెండు వేలో లేదు. ఇద్దరూ లెక్కకు కూర్చున్నప్పుడు నిప్పు రాజుకునేది ఇక్కడే. కొడుకు పంపేది బాధ్యత, కూతురు ఇచ్చేది దొంగతనంగా చేరవేత అన్నట్టు ఉన్నంతకాలం ఆ బడ్జెట్ ఒకరిదే. మొత్తం సమానం కానక్కర్లేదు, ఎవరి అవసరం వాళ్లది. రెండూ ఒకే పేజీలో, ఒకే సిరాతో ఉండాలి.

అలాగే ఇద్దరికీ చెరో వెయ్యి రూపాయలు లెక్క అడగని డబ్బుగా పెట్టుకోవాలి. కొత్త ఖర్చేమీ కాదు, ఇప్పటిదాకా పెట్రోలులోనూ కిరాణాలోనూ కలిసి పోతున్నదే. అతను ఇరానీ చాయ్‌లకు పెట్టనీ, ఆమె డబ్బాలో దాచుకోనీ, ఏమైందని రెండోవారు అడగకూడదు. అప్పుల్లో ఉన్నప్పుడు ఇదెందుకంటారేమో, అప్పుల్లో ఉన్నప్పుడే కావాలి. ప్రతి సమోసాకూ సంజాయిషీ చెప్పుకోవాల్సిన ఇంట్లో సమోసాలు ఆగవు, దాచిపెట్టడం మొదలవుతుంది.

కూర్చునేది జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారం చాలు. ఇద్దరి ఫోన్లలో ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్ర తెరిస్తే పోయినదంతా అక్కడే ఉంటుంది. కొనేసిన వస్తువుల మీద విచారణ వద్దు. ‘ఆ బూట్లు అవసరమా’ అన్న ప్రశ్నకు ఫలితం వచ్చే నెల చెరిపేసిన మెసేజీ రూపంలో తెలుస్తుంది. పండగలు, పెళ్లిళ్లు, ఇన్సూరెన్సుల ఐదు వేలు వేరే ఖాతాలోకి ముందే పంపేయాలి. తక్కువ పడుతున్న ఆ రెండు వేలు ఎక్కడ కోయాలన్నదే ఆ ఆదివారం అసలు చర్చ. చూసే టైము లేని ఓటీటీలు, వారాంతపు ఆర్డర్ల దగ్గర మొదలుపెడితే చాలావరకు దొరుకుతుంది.

తమ్ముడు మళ్లీ ఫోను చేస్తాడు. ఈసారి బావమరిది కూడా చేయవచ్చు. ‘ఇంట్లో మాట్లాడి చెబుతాను’ అనాలి. పెళ్లాం చాటు మొగుడని నవ్వుతారు. నవ్వనివ్వండి. నెలకు నాలుగు రూపాయల వడ్డీ కన్నా ఆ నవ్వు చవక. ఆమెకూ అంతే, చెల్లెలు చేబదులు అడిగినప్పుడు ఆయన్ని అడిగి చెబుతానంటే చిన్నతనమేమీ లేదు.

కార్డు సున్నా అయ్యాక బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తీసుకోవాలి. మధ్యలో ఎవరైనా ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అని ఫోను చేస్తే ఆశపడొద్దు, అలా మూసిన ఖాతా సిబిల్ నివేదికలో సెటిల్డ్ అనే పడి, రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అడ్డొస్తుంది. నివేదిక ఏడాదికొకసారి ఉచితంగా వస్తుంది, ఇద్దరివీ తీసి చూసుకోవచ్చు. అప్పటిదాకా కార్డుకు కట్టిన ఆరు వేలు ఆ నెల నుంచే ప్రోనోటు మీదికి మళ్లాలి. ఈ మాట కార్డు తీరకముందే అనుకుని రాసిపెట్టుకోవాలి, లేకపోతే కొత్త వాషింగ్ మెషీన్ ఈఎంఐ వచ్చి ఆ చోట కూర్చుంటుంది. ప్రోనోటు మీద అసలులో ఎంత కట్టినా, ఇచ్చినాయన ఎంత దగ్గరివాడైనా, నోటు వెనక చెల్లు రాయించుకుని ఫోనులో ఫొటో తీసుకోండి, ఇద్దరి ఫోన్లలోనూ.