సింహళ ద్వీప యాత్ర – ఒక పరిశీలన

శ్రీలంకకు వెళ్ళి వచ్చినవాళ్ళను ‘ఎలా ఉందండీ?’ అని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు ‘అబ్బ, స్వర్గం’ అంటారు. ఇంకొకరు ‘ఏముంది, వారం రోజులూ గదిలో కూర్చుని వాన చూశాం’ అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. వెళ్ళిన దేశం ఒకటే, నెల కూడా ఒకటే కావచ్చు. తేడా అల్లా ఒకరు తూర్పు తీరానికి వెళ్ళారు, మరొకరు పడమటి తీరానికి వెళ్ళారు. ఆ కాస్త తేడాలో ఆ దేశపు భూగోళమూ, చరిత్రా, సేద్యమూ అన్నీ ఇమిడి ఉన్నాయని నా అభిప్రాయం. నేనింకా ఆ దీవి మీద కాలు పెట్టినవాణ్ణి కాను, పెట్టబోయేవాణ్ణి. అందుకని కొంతకాలంగా పటాలూ, వర్షపాత పట్టికలూ, పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. తెలిసినంతవరకు ఆ సంగతులు సోదర విద్యార్థుల ముందు పెడుతున్నాను.

ముందుగా వాన సంగతి. శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. ఇంత చిన్న దేశంలో, నడిమికి కొంచెం దక్షిణంగా, కొండల గుంపు ఒకటి లేచింది. అందులో ఎత్తయిన పిదురుతలాగల శిఖరం 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనం సముద్రం మీంచి వచ్చి ఈ కొండలకు కొట్టుకుంటుంది. కొండ ఎక్కిన గాలి చల్లబడి తన నీళ్ళన్నీ పడమటి వాలు మీదనే దించేస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేసరికి అది ఎండిన గాలి. దిగుతూ దిగుతూ వేడెక్కుతుంది కూడా. ఆ వడగాలిని అక్కడివాళ్ళు కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వ్యవహారం తిరగబడుతుంది. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీంచి వచ్చి ఉత్తరానికీ తూర్పుకూ వానలిస్తుంది. మన డెల్టా రైతుకు సార్వా, దాళ్వా ఎలాగో వాళ్ళకు ‘మహ’, ‘యల’ అలాగ. కాకపోతే మన పెద్దపంట నైరుతి వానలది, వాళ్ళ పెద్దపంట ‘మహ’ ఈశాన్యానిది.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సముద్ర తీరాల సంగతి సగం తెలిసినట్టే. గాల్, మిరిస్సా వంటి దక్షిణ, పడమటి తీరాలకు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచికాలం. ట్రింకోమలీ, ఆరుగం బే వంటి తూర్పు తీరాలకు మే నుంచి సెప్టెంబరు దాకా. పలక మీద నిలబడి అలల మీద జారే సర్ఫింగ్‌కు ఆరుగం బే పేరెత్తనివాళ్ళు లేరు. అక్కడ తీరపు మొన ఒకటి సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. అల ఆ మొనకు తగిలి ఒక్కసారిగా విరగక, అంచు వెంబడే క్రమంగా విరుగుతూ పోతుంది. మనిషికి అంత దూరం జారే వీలు అందువల్లనే.

మిరిస్సా దగ్గర చూడవలసినవి నీలి తిమింగలాలు. భూమ్మీద ఇంతకంటె పెద్ద జంతువు లేదు. దీవికి దక్షిణపు కొస అయిన దొండ్రా అగ్రం దగ్గర ఖండపుటంచు బహు ఇరుకు. ఒడ్డు నుంచి పడవలో కొద్ది గంటల్లోనే అగాధమైన నీళ్ళు వచ్చేస్తాయి. తిమింగలాలు అంత దగ్గరకు వచ్చేది అందుకే. మిగతా సముద్రాల్లోని నీలి తిమింగలాల మాదిరి ఇవి ధ్రువాల దాకా పోవు, ఉష్ణజలాల్లోనే తిరుగుతాయి. అయితే ప్రపంచంలోకెల్లా రద్దీ అయిన ఓడల దారి ఒకటి అక్కడి నుంచే పోతుంది. ఓడల కింద పడి తిమింగలాలు చస్తున్నాయని గోల పెట్టగా పెట్టగా, 2022లో ఒక పెద్ద ఓడల కంపెనీ తన ఓడలను మరికాస్త దక్షిణానికి జరిపి నడపడం మొదలుపెట్టింది.

సముద్రంలో దిగేవాళ్ళకు ఒక మాట. ఒడ్డుకు వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట సన్నని పాయగా వెనక్కి పోవాలి గదా. ఆ తిరుగు ప్రవాహంలో పడితే ఒడ్డుకు ఎదురీదడం వట్టి వెర్రి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ తప్పించుకున్నాక ఒడ్డుకు రావాలి. పైకి చూస్తే అలలు తక్కువగా, ప్రశాంతంగా కనిపించే జాగాయే చాలాసార్లు ఆ పాయ. ఇక 2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ తీరం మరచిపోదు. పెరలియ దగ్గర ఒక్క రైలుబండిలోనూ, దాని చుట్టూనూ వెయ్యిమందికి పైగా పోయారు.

కొండలకు వద్దాం. హోర్టన్ మైదానాలు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న గడ్డినేలలు. అక్కడ ‘లోకాంతం’ అని పిలిచే చోట నేల ఉన్నట్టుండి ఎనిమిది వందల మీటర్లకు పైగా కిందికి తెగిపడుతుంది. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు నడక. తెల్లవారే బయలుదేరాలి, పొద్దెక్కిందంటే కింది లోయలో తేమ లేచి మబ్బు కమ్ముకుంటుంది, ఆపైన లోకాంతం దగ్గర నిలబడ్డా, హాస్టలు గోడ ముందు నిలబడ్డా ఒకటే. మహావేలి, కేలనీ, వలవే నదుల పుట్టుక ఈ ఎత్తుల్లోనే. నడకదారుల్లో జలగలుంటాయని కొందరు భయపెడతారు. పొలం గట్ల మీద పెరిగినవాళ్ళకు జలగ ఒక లెక్కా?

శ్రీపాద శిఖరం 2,243 మీటర్లు. కొండ మీది గుర్తును బౌద్ధులు బుద్ధుని పాదమంటారు, హిందువులు శివపాదమంటారు, ముస్లిములూ క్రైస్తవుల్లో కొందరూ ఆదాముదంటారు. డిసెంబరు పున్నమి నుంచి మే నెల వైశాఖ పున్నమి దాకా యాత్రాకాలం. అయిదు వేలకు పైగా మెట్లు రాత్రంతా ఎక్కి సూర్యోదయానికి పైకి చేరతారు. అప్పుడు పడమటి దిక్కున కొండ నీడ అచ్చమైన త్రిభుజంగా పడుతుంది. అది దైవమహిమ అని చెప్పుకుంటారు. ఫిజిక్సు విద్యార్థిగా నేను చెప్పేది వేరు. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించడం లేదూ, ఇదీ అంతే. కిలోమీటర్ల పొడవున్న నీడ అంచులు దూరాన ఒక బిందువు దగ్గర కలిసినట్టు కనిపిస్తాయి. కొండ ఆకారం ఎలా ఉన్నా పైన నిలబడ్డవాడికి నీడ త్రిభుజమే. ఈ వివరణ వల్ల ఎక్కేవాడి భక్తికి వచ్చిన నష్టమేమీ లేదు.

ఎల్ల ఊరి దగ్గర తొమ్మిది కమానుల వంతెన మీద రైలు ప్రయాణం ఫోటోల్లో అందరూ చూసిందే. 2025 నవంబరులో వచ్చిన దిత్వా తుఫానుకు ఈ కొండలు విరిగిపడి వందలాది మంది చనిపోయారు, రైలుమార్గం బాగా దెబ్బతిన్నది. కాబట్టి రైలు ఎంతవరకు నడుస్తున్నదో కనుక్కుని మరీ బయలుదేరాలి.

ఇప్పుడు నా మనసుకు పట్టిన భాగం. సిగిరియా గురించి రాయనివాళ్ళు లేరు. చుట్టూ బల్లపరుపు నేల, నడుమ సుమారు రెండు వందల మీటర్ల నిలువు రాయి, దాని నెత్తి మీద అయిదో శతాబ్దపు కోట. దారిలో చిత్రలేఖనాలు, అద్దపు గోడ. ఆ గోడ మీద పూర్వపు యాత్రికులు గీసిపోయిన పద్యాలను సెనరత్ పరణవితాన అనే పండితుడు చదివి 1956లో అచ్చువేశాడు. సందర్శకులు గోడలపై రాసే అలవాటు ఈనాటిది కాదన్నమాట! కోట కట్టిన కాశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపి రాజయ్యాడు. చూళవంశం చెప్పే కథ ఇది: నిధి ఎక్కడ దాచావని కొడుకు నిలదీస్తే, ధాతుసేనుడు తాను కట్టించిన కాలవేవ చెరువు దగ్గరకు తీసుకుపోయి, దోసిట నీళ్ళెత్తి చూపి, నా ఆస్తి అంతా ఇదే అన్నాడట.

కొడుకు కోటకు జనం బారులు తీరతారు. తండ్రి చెరువు దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఎందుకంటారా? కాలవేవ నుంచి అనురాధపురం తిస్సవేవ దాకా తవ్విన కాలువ, జయగంగ, 87 కిలోమీటర్లు. మొదటి 17 మైళ్ళలో దాని వాలు మైలుకు ఆరంగుళాలు మాత్రమే, అంటే కిలోమీటరుకు సుమారు పది సెంటీమీటర్లు. ఏ లెవెలింగు యంత్రమూ లేని కాలంలో! వాలు కాస్త ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే పూడు పడుతుంది. మాది సేద్యపు కుటుంబం. అర ఫర్లాంగు బోదెకు వాలు కుదర్చడానికి ఎంత తంటాలు పడాలో నాకు తెలుసు. పైగా ఆ కాలువకు గట్టు ఒకవైపే, పల్లపు వైపే. మెరక వైపు తెరిచి వదిలారు. దారి పొడవునా కురిసిన వాన కూడా అందులోకే దిగుతుంది.

తూముల సంగతి ఇంకా విశేషం. చెరువు లోతు పదిమీటర్లయితే అడుగున నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి మరొకంత అదనం. అంత ఒత్తిడి ముందు తలుపు పెట్టి, ఎత్తుతూ దించుతూ ఉండాలంటే మాటలా? వాళ్ళు గట్టులోపల చెరువు వైపుగా రాతితో చదరపు బావి కట్టారు. దానిని బిసోకొటువ అంటారు. నీరు ఆ బావిలో పడి, వేగం చచ్చి, అదుపులోకి వస్తుంది. హెన్రీ పార్కర్ అనే ఇంగ్లీషు ఇరిగేషన్ ఇంజనీరు 1909లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని యూరపు ఇంజనీర్ల వాల్వు టవర్లతో పోల్చి, అవి పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే సింహళీయులకు ఈ కిటుకు తెలుసని రాశాడు.

మిన్నేరియా చెరువును మహాసేనుడు కట్టించాడు. మూడో శతాబ్దపు చివరి రాజు. జూలై నుంచి అక్టోబరు దాకా, చుట్టుపక్కల నేలంతా ఎండిపోయినప్పుడు, చెరువు నీరు ‘యల’ పంటకు పోయి అడుగు బయటపడుతుంది. ఆ తడి నేలలో లేత పచ్చిక మొలుస్తుంది. దానికోసం రెండు మూడు వందల ఏనుగులు ఒకచోట చేరతాయి. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో కూడే చోటు ఇదేనంటారు. అంటే యాత్రికులు అడవి వింత అనుకుని చూసేది నిజానికి సేద్యం వల్ల ఏర్పడిన వింత. రైతు నీరు వాడుకుంటేనే ఏనుక్కి మేత.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఎగువన మొరగహకంద ప్రాజెక్టు 2018లో పూర్తయ్యాక వేసవిలోనూ మిన్నేరియాకు నీళ్ళు వచ్చి పడుతున్నాయనీ, నేల బయటపడక పచ్చిక మునిగిపోతోందనీ వన్యప్రాణి శాస్త్రజ్ఞులు మొత్తుకున్నారు. చెరువు నిండుగా ఉండాలని రైతు కోరడం తప్పా? తప్పు కాదు. మేత లేని ఏనుగు పొలం మీద పడకేం చేస్తుంది? 2019లో ఆ దేశంలో నాలుగు వందలకు పైగా ఏనుగులు, నూరుమందికి పైగా మనుషులు చచ్చారు. ఏనుగు పోయిందంటే ఫోటో పత్రికలో పడుతుంది. రైతు పోతే అంత పెద్ద ఫోటో పడదు. మన చిత్తూరు, పార్వతీపురం వైపు రైతులను అడిగితే ఇది తెలుస్తుంది. అక్కడ కొన్ని గ్రామాల్లో చేసి చూసిన పద్ధతి ఒకటి నాకు సబబుగా తోచింది. అడవి హద్దున కాక, ఊరి చుట్టూ, పైరున్నన్నాళ్ళు పొలం చుట్టూ కరెంటు కంచె వేస్తారు. వేసేదీ చూసుకునేదీ రైతులే. కోత కాగానే పొలం కంచె విప్పేస్తారు, ఏనుగులు వచ్చి కొయ్యకాళ్ళు మేసి పోతాయి.

క్యాండీలో దంతాలయం ముందున్న చెరువు చూసినప్పుడు మనవాళ్ళు ఒక నిమిషం ఆగాలి. దాన్ని 1807లో తవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడు మధుర నాయక వంశానికి చెందినవాడు, మూలాలు తెలుగువి. వరిపొలాలున్న జాగాను చెరువు చేయించాడని, వెట్టి చేయించాడని సామంతులు ఆగ్రహించారట. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, తరువాత వేలూరుకు పంపారు, 1832లో అక్కడే చనిపోయాడు. అంతకు ఎంతో ముందు, ఇక్ష్వాకుల నాడు, మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. రాకపోకలు కొత్తవి కావు.

ఎప్పుడు వెళ్ళాలని అడిగితే, ఏనుగులు చూడదలచినవారు ఆగస్టు. అనురాధపురం, కాలవేవ, సిగిరియా, మిన్నేరియా చూసుకుని, తూర్పున ట్రింకోమలీకి దిగాలి. ఆ నెలలో మిరిస్సా జోలికి పోవద్దు, నైరుతి సముద్రం పడవను ఎగరేస్తుంది. క్యాండీ పెరహర ఉత్సవం కూడా జూలై, ఆగస్టుల్లోనే వస్తుంది. తేదీ పున్నమిని బట్టి మారుతుంది కనుక పంచాంగం చూసుకోవాలి. శ్రీపాద, తిమింగలాలు కావాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి. సిగిరియా ఏ నెలలోనైనా ఎక్కవచ్చు, ఉదయం ఏడింటికి మొదలుపెడితే. మధ్యాహ్నం ఆ రాయి పెనంలా కాలుతుంది.