బిడ్డకు మాట రావలెనన్న ముందు చెవిని పరీక్షింపవలెను

బోధను ప్రాంతపు రైతుకు చెరకు సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు, 1937లో శక్కర్‌నగరులో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము, ఈ రెండును ఈ నేలను చెరకు సీమగా చేసినవి. కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. పెక్కు పొలములలో చెరకు పోయి వరి వచ్చినది. అయినను చెరకు నేర్పిన పాఠమొకటి రైతు మరువలేదు. ముచ్చెలు నాటిన పిమ్మట పిలకలు వేయు దశలో నీరందని తోటకు, నరుకుటకు ముందు రెట్టింపు నీరు పెట్టినను ఆ పిలకలు రావు.

బిడ్డకు మాటలు వచ్చుటకును ఇట్టి అదను కలదు. పుట్టినది మొదలు మూడేండ్ల వరకు, అందులోను మొదటి ఏడాదిలో, మెదడు మాటను గ్రహించుటకు మిక్కిలి అనువుగా నుండును. ఆ కాలమున చెవి వినకపోయినచో, ఆ లోటును తరువాత పూడ్చుట చాల కష్టము.

తీవ్రమైన వినికిడి లోపముతో పుట్టు శిశువులు వేయి జననములలో కనీసము ఒకరిద్దరు ఉందురు. ఏటా 40 కాన్పులు జరుగు గ్రామములో ఇట్టి బిడ్డ సుమారు పన్నెండు మొదలు ఇరువదియైదు ఏండ్లకొకమారు పుట్టవచ్చును. అందువలననే ఊరిలో ఎవ్వరికిని ఈ విషయమున అనుభవము ఉండదు. గుర్తించువారు లేక బిడ్డ అదను దాటిపోవును.

మాట ఎట్లు వచ్చును?

మాట నాలుకతో పలుకుదుము గాని, అది వచ్చునది చెవి ద్వారా. గర్భములో ఆరవ నెల దాటునప్పటికే శిశువు తల్లి గొంతు వినగలదు. పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలికిపడును. మూడు నెలల నాటికి తెలిసిన గొంతు విని ఏడుపు మానును. ఆరేడు నెలలకు చప్పుడు వచ్చిన వైపు తల త్రిప్పును. “బబబ”, “మమమ” అని అక్షరములు కూర్చును. ఏడాదికి “అమ్మ”, “తాత” వంటి మాట ఒకటి రెండు వచ్చును. రెండేండ్లకు “పాలు కావాలె” అని రెండు మాటలు కలుపును. ఈ మెట్లలో ఏది తప్పినను మొదట అనుమానింపవలసినది చెవినే.

“మూగ” యని మనము పిలుచు పిల్లలలో పలువురకు గొంతులో గాని నాలుకలో గాని ఏ లోపమును ఉండదు. వారు వినలేదు; వినని మాటను పలుకుట నేర్వలేదు. అంతియే.

ఇంటివారు ఏల పొరబడుదురు?

చెవుడు పైకి కనబడదు, నొప్పి కలిగింపదు. వినబడని పసికందు కూడ ఏడ్చును, నవ్వును, మొదటి నెలలలో “ఊ”, “ఆ” అనును. అది చూచి తల్లి నిశ్చింతగా నుండును. “బబబ” యను పలుకు రావలసిన వేళకు రాకపోయినను ఎవరును లెక్కపెట్టరు.

కొందరు బిడ్డ వెనుక కంచము మ్రోగించి పరీక్షింతురు. ఇది నమ్మదగిన పరీక్ష కాదు. బిడ్డ మనిషి నీడను చూచి తిరుగవచ్చును. నేల అదురును గ్రహింపవచ్చును. కొందరు పిల్లలకు పెద్ద చప్పుళ్ళు వినబడి, మాటలోని సన్నని ధ్వనులు మాత్రము వినబడవు. పేరు పెట్టి గట్టిగా పిలిచిన పలుకుదురు. మామూలు సంభాషణ వారికి అందదు. ఇట్టివారిని పెంకి పిల్లలనియో మందబుద్ధులనియో తలచుట గొప్ప అన్యాయము.

“వాని నాయిన గూడ మూడేండ్లకు మాట్లాడిండు, వీనికి గూడ వస్తయి” అని నాయినమ్మ ధైర్యము చెప్పును. ఆమె ప్రేమను శంకింపరాదు. కాని ఆ మాట నమ్మి ఊరకున్నచో రెండేండ్లు గడచిపోవును. వస పోసినంత మాత్రమున వినికిడి రాదు. బోధను వంటి చోట ఇంట తెలుగు, వాడలో ఉర్దూ, సంతలో మరాఠీ వినబడును. పలు భాషలు వినుటచే మాట రాకపోవునను భయము కూడ సరికాదు. వినగల బిడ్డ రెండు మూడు భాషలు నేర్చుకొనగలదు.

పరీక్ష ఎప్పుడు, ఎక్కడ?

పుట్టిన మొదటి నెలలో ప్రాథమిక పరీక్ష, అనుమానమున్నచో మూడవ నెలలోగా నిర్ధారణ, ఆరవ నెలలోగా చికిత్స ప్రారంభము. ఒకటి, మూడు, ఆరు అని దీనిని జ్ఞాపకముంచుకొనవచ్చును. అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో అను విదుషియు, ఆమె సహచరులును జరిపిన పరిశోధన 1998లో వెలువడినది. ఆరు నెలలలోగా లోపము గుర్తింపబడిన పిల్లలు, ఆ తరువాత గుర్తింపబడిన పిల్లలకంటె భాషలో చాల ముందున్నారని అందు తేలినది.

మొదటి పరీక్షను ఓఏఈ అందురు. నిద్రించు బిడ్డ చెవిలో చిన్న మెత్తని బిరడా పెట్టి కొన్ని నిమిషములలో చేయుదురు, నొప్పి లేదు. ఇందు ఫలితము సరిగా రానంత మాత్రమున చెవుడని అర్థము కాదు. పుట్టిన క్రొత్తలో చెవిలో నున్న ద్రవము వలన కూడ అట్లు జరుగును. అప్పుడు మరల పరీక్షింపవలెను. అవసరమైనచో తలకు తీగలంటించి చేయు బేరా పరీక్ష వలన లోపము ఎంతయో తెలియును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుకతో వచ్చు చెవుడును తన జాబితాలో చేర్చినది. ఈ కార్యక్రమపు వైద్య బృందములు అంగన్‌వాడీలకు ఏటా రెండు మారులు రావలెను. నిజామాబాదులో 2013లో ఆరంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రియు, సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమును ఉన్నవి. ముంబయిలో 1983లో నెలకొల్పబడిన ఆ సంస్థకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా నుండిన హైదరాబాదు వాసి పేరు పెట్టబడినది.

యంత్రము పెట్టిన పిమ్మట

వినికిడి యంత్రము పెట్టిన మరునాడే బిడ్డ మాట్లాడునని ఆశించి, నిరాశతో దానిని పెట్టెలో దాచువారు కలరు. రెండేండ్ల బిడ్డకు నేడు యంత్రము పెట్టినచో, వినుటలో ఆ బిడ్డకు నేడు మొదటి రోజు. మేలుకొని యున్నంత సేపు యంత్రము చెవికి ఉండవలెను. స్నానమునకును నిద్రకును తీసి, తేమ తగులకుండ భద్రపరుపవలెను. చెవి పెరిగిన కొలది అచ్చు వదులగును. అప్పుడు క్రొత్త అచ్చు వేయించవలెను. బొత్తము వంటి బ్యాటరీ బిడ్డ నోట పడినచో ప్రాణాపాయము.

యంత్రము వలన చాలినంత ప్రయోజనము లేనివారికి, వైద్యులు తగునని నిర్ణయించినచో, కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేయుదురు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ దీనిని కూడ చేర్చుకొన్నది. దీనికి వయఃపరిమితి కలదు గనుక ఆలస్యము తగదు. శస్త్రచికిత్స తరువాత కూడ మాట నేర్పు శిక్షణ ఏండ్ల తరబడి సాగవలెను.

ఆ శిక్షణకు ప్రధానమైన బడి ఇల్లే. తల్లి బీడీలు చుట్టుచు, “ఆకు కత్తిరిస్తున్న, ఇగో దారం చుడుతున్న” అని బిడ్డకు దగ్గరగా కూర్చుండి చెప్పవచ్చును. మూరెడు దూరమునుండి మామూలు గొంతుతో పలికిన మాట, వాకిట నుండి వేసిన కేకకంటె మేలు. టెలివిజను ఆపవలెను. ఒంటి మాటలు గాక పూర్తి వాక్యములు పలుకవలెను. తెలుగులో “ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి” అను భేదమంతయు మాట చివరనే యున్నది. ఆ చివరయే వీరికి సరిగా వినబడదు. పెదవులు చూచి గ్రహించుట ఒక్కటే చాలదు. “పాట, బాట, మాట” అని అద్దము ముందు పలికి చూడుడు. మూడును ఒకే తీరుగా కనబడును.

ఆలస్యముగా గుర్తింపబడిన బిడ్డను విడిచిపెట్టరాదు. సంజ్ఞా భాష కూడ సంపూర్ణమైన భాషయే. బిడ్డకు ఏదో ఒక భాష సకాలమున అందుట ముఖ్యము.

నివారణ

బాల్యములోని వినికిడి లోపములలో సుమారు 60 శాతము నివారింపదగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. గర్భిణికి మొదటి నెలలలో రుబెల్లా సోకినచో బిడ్డకు చెవుడు రావచ్చును. 2017 ఆగస్టులో తెలంగాణలో మీజిల్స్-రుబెల్లా టీకా ఉద్యమము జరిగినది. నేడది పిల్లల సాధారణ టీకాలలో చేరియున్నది. ఆసుపత్రి కాన్పు, పసికందు కామెర్లకు వెంటనే చికిత్స, చెవి కారినచో నూనె పోయక వైద్యునికి చూపుట, ఇవి అన్నియు చెవిని కాపాడును. మేనరికములు తరతరములుగా సాగిన కుటుంబములలో పుట్టుచెవుడు హెచ్చు. ఈ సంగతిని నింద మోపకుండ తెలియజెప్పవలెను.

పంచాయతీ చేయదగినది

జననముల పట్టిక పంచాయతీలోనే యున్నది. నెలకొకమారు ఆరోగ్య, పోషణ దినమున ఆ పట్టికను ఆశా కార్యకర్త ముందుంచి, ప్రతి బిడ్డ పేరు దగ్గర ఒక ప్రశ్న వేయుడు: “చెవి పరీక్ష జరిగినదా?” చెరకు నరుకుటకును ఇటుక బట్టీలకును వచ్చిన కుటుంబముల పిల్లలు మీ పట్టికలో ఉండరు, వారిని ప్రత్యేకముగా విచారింపుడు.

పరీక్షకును శిక్షణకును పలుమారులు పట్నము పోవలసి వచ్చును. పోయిన ప్రతి దినము తల్లి కూలి పోవును. రెంజలు నుండి గాని ఎడపల్లి నుండి గాని చంకలో బిడ్డతో బస్సెక్కిన తల్లి, రెండవ మారు పోక ఆగిపోవుటకు కారణము తరచుగా ఇదియే. అట్టి తల్లికి తోడుపోవుట, దారి ఖర్చునకు దాతను చూచుట, దివ్యాంగుల ధ్రువపత్రమునకు దరఖాస్తు వ్రాసిపెట్టుట సభ్యుల చేతిలోని పనులు. “మూగోడు” అను పిలుపును మీ ఎదుట సాగనీయకుడు. ఆ బిడ్డకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కలదు.

గ్రామములో వీధి దీపము వెలుగకున్న నలుగురు వచ్చి అడుగుదురు. వినబడని బిడ్డ వచ్చి అడుగజాలదు. దాని పక్షమున అడుగవలసినవారు మీరు. అడుగవలసిన కాలము మొదటి ఆరు నెలలు.