బోరింగు కడ బోర్డు

మేము చూచిన ఒక గ్రామమున, బడి ప్రక్కనున్న బోరింగు కడ ఒక రేకు బోర్డు కలదు. "ఈ నీరు త్రాగుటకు యోగ్యము కాదు" అని దానిపై చక్కని అక్షరములతో వ్రాసియున్నారు. ఆ బోర్డు ఎదుటనే ఒక తల్లి బిందె నింపుకొనుచుండెను. అదేమని అడిగితిమి. "నాకు చదువు రాదయ్యా. వచ్చినా ఏం జేసేది? మరి ఏ నీళ్లు తాగమంటారు?" అని ఆమె మమ్ములనే ప్రశ్నించినది. ఆ ప్రశ్నకు బోర్డుపై సమాధానము లేదు.

ఆ నీటిలోనున్నది ఫ్లోరైడు. రాతిపొరలనుండి కరగి భూగర్భజలమున చేరునది. మన ప్రాంతమున దీనివలన కలుగు వ్యాధిని గురించి, నాటి నెల్లూరు జిల్లాలో పరిశీలించిన వైద్యులు 1937లోనే ప్రకటించిరి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. అంతకు మించిన నీటిని పండ్లు రూపుగట్టు పసితనమున త్రాగిన పిల్లలకు గారపండ్లు వచ్చును. ఆ మచ్చ కడిగిన పోదు. ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్లు బిగిసి, ఎముకలు వంగును.

ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. పైగా "కాచి త్రాగిన దోషము పోవును" అను మంచి అలవాటు ఇచ్చట మోసము చేయును. కాచినకొలది నీరు ఆవిరియై పోవును గాని ఫ్లోరైడు మిగిలి మరింత చిక్కబడును. కావున ఇంటి ఇల్లాలికి ఆ బోర్డే కన్ను.

చదువరానివారిని తలచుకొని హెచ్చరికలు చేసినవారు లేకపోలేదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములు, ప్రమాద సూచన హిందీ లేక ఇంగ్లీషుతోపాటు జిల్లా భాషలోను ఉండవలెననియు, పుర్రె ఎముకల గుర్తు ఉండవలెననియు విధించినవి. బంగ్లాదేశమున నీటిలో ఆర్సెనిక్ బయటపడినప్పుడు, 2000 తరువాతి కొలది ఏండ్లలో సుమారు 50 లక్షల గొట్టపుబావులను పరీక్షించి, చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేసిరి. ఎర్రబావిని విడిచి ఎచటికి పోవలెనో పచ్చబావియే చెప్పినది. అయితే కాలక్రమమున పలుచోట్ల రంగు వెలసిపోయి, ఏది ఏదో తెలియకపోయినది. రంగు ఒకసారి వేయు పని కాదు.

పంచాయతీ సభ్యులు తమ గ్రామమున పరీక్షలో తప్పిన బోరింగునకు ముందు ఎర్రరంగు వేయింపవలెను. బోర్డుపై "త్రాగరాదు, వండరాదు, స్నానమునకు, బట్టలకు వాడవచ్చును" అని వ్రాయింపుడు. వట్టి "యోగ్యము కాదు" అన్నచో వంట మాట ఎవరికిని తోచదు. దాని క్రింద "మంచినీరు రామాలయము వెనుక కుళాయిలో" అన్నట్లు చోటు చెప్పి, పరీక్షించిన తేదీ వేయవలెను. వ్రేలాడదీయుటకు ముందు చదువు రాని ఒక ముసలమ్మను, మూడవ తరగతి పిల్లవానిని అచట నిలిపి, "ఇప్పుడు బిందె ఎచట ముంచెదరు?" అని అడిగిచూడుడు. వారు తికమకపడినచో తప్పు బోర్డుదే. మరల రంగు వేయుటకు ఏటేట బడ్జెటులో కొంత పైకము చూపుట మరువరాదు; ఆ ఖర్చు స్వల్పమే.

ఇక మంచినీటి చోటు చెప్పు ఆ పంక్తి వ్రాయబోగా, చెప్పుటకు గ్రామమున కుళాయియే లేదని తేలవచ్చును. అప్పుడు కూడ ఎర్రరంగు ఆపరాదు. ఆనాటి సమావేశముననే తీర్మానము చేసి, పరీక్షాఫలితమును జతపరచి, గ్రామీణ నీటిసరఫరా ఇంజనీరునకు పంపవలెను. కుళాయి వచ్చువరకు త్రాగుటకును వంటకును ట్యాంకరు నీరు ఏ వేళకు, ఏ వీధికి వచ్చునో ఆ బోర్డుపైననే వ్రాయింపవలెను.