అడంగలునకు పటమును జతచేయుట



ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేసినదీ అడంగలులో ఉండును. దీనినే తెలంగాణలో పహాణీ అందురు. పొలముల హద్దులు సర్వే పటములో ఉండును. వరద వచ్చినపుడు ముంపు హద్దులను ఉపగ్రహ చిత్రములనుండి గీయుదురు. ఈ మూడును వేర్వేరు కార్యాలయములలో ఉండుటచే ఎవరి పొలము మునిగినదీ వెంటనే తేలదు. వీనిని కలిపి చూచు విధానమును తెలిసికొందము.

పట్టికలను భద్రపరచి, ఒకదానితో నొకటి కలిపి చూపునది డేటాబేసు. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు ఉచితముగ లభించును. పోస్ట్‌జిఐఎస్ అను అనుబంధమును చేర్చినచో హద్దులను, వైశాల్యములను కూడ లెక్కించును.

పటమును నకలు తీసి తెచ్చుకొన్న చాలునని కొందరు తలంతురు. మరునాడే అచట సబ్‌డివిజను జరిగినచో ఆ నకలు పాతదగును. 2011 నుండి పోస్ట్‌గ్రెస్‌లో “బయటి పట్టిక” అను ఏర్పాటు కలదు. పొరుగూరి చావడిలోని దస్తరమును మోసికొని రాక, అచటికే పోయి చూచుకొనుట వంటిదిది. పటములకు ఓజీఆర్ ఎఫ్‌డీడబ్ల్యూ అను అనుబంధమును వాడవలెను.

జతచేయునపుడు ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. సర్వే నంబరు రెండుచోట్ల ఒకే విధముగ నుండవలెను. 45-2, 45/2 మనకు ఒకటే, కంప్యూటరునకు కాదు. 45/2 అనేక గ్రామములలో ఉండును గనుక గ్రామ కోడును కూడ చేర్చవలెను.

2. కొన్ని పటములు డిగ్రీలలోను, కొన్ని మీటర్లలోను ఉండును. డిగ్రీల పద్ధతికి సంఖ్య 4326. మీటర్ల పద్ధతిలో గుంటూరునకు 32644, అనంతపురమునకు 32643. అన్నిటిని ఒకే పద్ధతికి మార్చనిదే హద్దులు ఒకదానిపై నొకటి సరిగా పడవు. ఎకరములు లెక్కించుటకు మీటర్ల పద్ధతియే తగును.

3. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రములో మిక్కిలి చిన్న గడి 10 మీటర్ల చదరము. ఎకరమునకు సుమారు 40 గడులు; 10 సెంట్ల మడికి నాలుగే. మబ్బులున్నచో ఈ ఉపగ్రహమునకు నేల కనబడదు. రాడారుగల సెంటినెల్-1 చూడగలదు. చిన్న మడులను స్వయముగా పోయి చూచియే నిర్ణయింపవలెను.

4. అన్నిటికంటె ముఖ్యమైనది కలవని వరుసల సంగతి. సాధారణముగా రెండు పట్టికలను కలిపినపుడు కలిసిన వరుసలు మాత్రమే వచ్చును, తక్కినవి జారిపోవును. తప్పు జరిగినట్లు హెచ్చరికయైనను రాదు. అడంగలులో 45-2 అని యున్న రైతు పేరు జాబితాలో లేనిచో, అతని పొలము మునగలేదనియే పైవారు భావింతురు. ఒక చిన్న గీత మూలమున అతని పరిహారము పోవును. కావున అడంగలు వరుసలన్నియు నిలుచునట్లు “లెఫ్ట్ జాయిన్” వాడి, పటముతో కలవనివాటిని వేరుగా వ్రాసికొనవలెను.

అడంగలులో 412 వరుసలుండి, పటముతో 397 మాత్రమే కలిసినవనుకొనుడు. మిగిలిన 15 పొలములు ఎచటనున్నవో గ్రామములో విచారించి తేల్చువరకు జాబితాను పైకి పంపరాదు. రైతులును తమ పాసుపుస్తకములోని నంబరును అడంగలుతోను, పటముతోను ముందుగనే సరిచూచుకొనవలెను. వరద వచ్చిన పిమ్మట దిద్దుకొనుటకు వ్యవధి యుండదు.