నీటి మీద ఒక రోజు

వియత్నాం దేశంలో హా లాంగ్ అనే చోటు ఉంది. అక్కడ సముద్రంలో సుమారు 1,600 రాతి దీవులు ఉన్నాయి. వాటిని చూడటానికి దేశదేశాల జనం వస్తారు. పొద్దున పడవ ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెంట గైడు ఉంటాడు. గైడు అంటే దారి చూపి, వివరం చెప్పే మనిషి.

ఒక దీవి దగ్గర పడవ ఆగుతుంది. మెట్లెక్కి గుహలోకి వెళతారు. లోపల పైనుంచి రాళ్లు మర్రి ఊడల్లా వేలాడుతుంటాయి. వీటిని ఎవరూ చెక్కలేదు. ఇది సున్నపురాయి. వాననీటికి కొంచెం కొంచెంగా కరుగుతుంది. అలా లక్షల ఏళ్లకు గుహ అయింది. కారే నీటిలోని సున్నం పేరుకుని ఊడలయ్యాయి. అరకు దగ్గరి మన బొర్రా గుహలూ ఇలా పుట్టినవే.

రాయిని తొలవడానికి నీటికి లక్షల ఏళ్లు పట్టింది. పడవను ముంచడానికి నిమిషాలు చాలు. 2025 జులై 19న హా లాంగ్‌లో గాలివాన వచ్చింది. యాత్రికుల పడవ బోల్తా పడింది. 35 మందికి పైగా చనిపోయారు. మన గోదావరిలోనూ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. పాపికొండలు చూడబోయిన వారు ఎందరో తిరిగి రాలేదు.

అక్కలారా! పడవ ఎక్కేముందు ఇవి మరవకండి.

1. ఎందరు ఎక్కాలో బోర్డు ఉందా? మీరే చదవండి.
2. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. చీర మీదే వేసుకోండి. సిగ్గు పడకండి. పట్టీలు బిగించండి. పిల్లలకూ వేయండి.
3. మబ్బు పట్టి గాలి లేస్తే ఎక్కకండి. టికెట్టు డబ్బు పోతే పోనీ.

చెప్పండి:
గుహలు ఎలా ఏర్పడతాయి?
మీ ఊరి రేవులో పడవకు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి?